ప్రాంతీయ వీసా – పిల్లల ప్రయాణం, మన గ్రాట్యుటీ
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛనుదార్ల సభలో డి.ఏ. బకాయిల గురించో, ఆరోగ్య కార్డుల గురించో మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు నన్ను ఆస్ట్రేలియా వీసాల గురించి చెప్పమన్నారు. కారణం మీకూ తెలుసు. మన ఆఫీసుకు పేపరు చదువుకోవడానికి వచ్చేవారిలో ఈమధ్య చాలామంది, "మావాడు రీజినల్ వీసాకు పెడతానంటున్నాడు, డబ్బు సర్దమంటున్నాడు, ఇవ్వమంటారా?" అని అడుగుతున్నారు. ఆ డబ్బు ఎక్కడిది? కొందరిది గ్రాట్యుటీ. కొందరిది కమ్యుటేషన్ సొమ్ము. ఒకరిద్దరు ఇంటిస్థలం బేరం పెట్టారు. అందుచేత ఇది పిల్లల విషయమే అయినా మన సభలో చర్చించవలసిన విషయమే.

నేను వీసా ఏజెంటును కాను. ఇంజనీరింగు శాఖలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. మా రెండో అమ్మాయి నర్సు. ఆమె, అల్లుడు, మనవడు ఈ వీసామీదే 2022 మొదట్లో బెండిగో అనే ఊరికి వెళ్ళారు. ఆ సందర్భంలో చదివినవీ, 2024లో నేనూ మా ఆవిడా నాలుగు నెలలు అక్కడ ఉండి చూసినవీ మనవి చేస్తాను.

మొదట ఈ వీసా ఏమిటో చూద్దాం. ఆస్ట్రేలియాకు వలసవెళ్ళినవారిలో ఎక్కువమంది సిడ్నీ, మెల్‌బోర్న్‌లలోనే స్థిరపడతారు. తక్కిన ఊళ్ళలో నర్సులు, ఇంజనీర్లు, టీచర్లు, మెకానిక్కులు దొరకరు. వచ్చేవారిని ఆ ఊళ్ళవైపు మళ్ళించడానికి 1990ల నడిమి నుంచి రకరకాల పథకాలు పెట్టారు. ఇప్పుడున్నవి 2019 నవంబరు 16న మొదలయ్యాయి. ఒకటి 491 నంబరు వీసా. దీనికి ఒక రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చెయ్యాలి, లేదా అక్కడి ప్రాంతీయ ఊళ్ళో స్థిరపడ్డ దగ్గరి బంధువు స్పాన్సరు చెయ్యాలి. రెండోది 494. దీనికి అక్కడి యజమాని ఉద్యోగం ఇచ్చి స్పాన్సరు చెయ్యాలి. రెండూ అయిదేళ్ళ వీసాలే. రెండూ తాత్కాలికమే.

మనబోటి ఉద్యోగులకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది ప్రొబేషన్. కన్ఫర్మేషన్ 191 అనే మరో వీసాతో వస్తుంది. ఆ 191 తలుపు 2022 నవంబరులో తెరిచారు. ప్రొబేషన్ వీసా చేతిలో ఉండి కనీసం మూడేళ్ళు కావాలి. మూడు ఆర్థిక సంవత్సరాలకు అక్కడి ఆదాయపన్ను శాఖ ఇచ్చిన అసెస్‌మెంటు నోటీసులు చూపాలి. ఇంత ఆదాయం ఉండి తీరాలన్న కనీస మొత్తం ఇప్పుడు లేదుగాని, ప్రాంతీయ ఊళ్ళోనే ఉన్నట్టు, అక్కడే పనిచేసినట్టు ఆధారాలు ఉండాలి. మన సర్వీసు రిజిస్టరులో ఎంట్రీలు సరిగా లేకపోతే పింఛను కాగితాలు ఎలా తిరిగి వచ్చేవో గుర్తుచేసుకోండి. అక్కడా అంతే. ఇంటి అద్దె కాగితం, జీతం చీటీ, కరెంటు బిల్లు ఏదీ పారెయ్యవద్దని మా అమ్మాయికి మొదటిరోజే చెప్పాను.

ప్రాంతీయ ఊరు అనగానే మనకు మారుమూల పల్లె గుర్తొస్తుంది. నాకూ నా మొదటి పోస్టింగు పాడేరు ఏజెన్సీ గుర్తొచ్చింది. కాని వాళ్ళ లెక్క వేరు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ ఈ మూడు మహానగరాలు తప్ప తక్కిన దేశమంతా ఈ వీసాకు ప్రాంతీయమే. 20 లక్షలకు పైగా జనాభా ఉన్న పెర్త్ కూడా ప్రాంతీయమే. అడిలైడ్, రాజధాని కాన్‌బెర్రా, హోబార్ట్, గోల్డ్ కోస్ట్ అన్నీ ఇందులోకే వస్తాయి. ఎడారి అంచున వందల కిలోమీటర్ల దూరాన ఉన్న చిన్న ఊరూ ఇందులోకే వస్తుంది. కనుక "రీజినల్" అన్న మాట విని భయపడనూ వద్దు, సంబరపడనూ వద్దు. ఏ ఊరు అని అడగండి.

ఆ మూడు నగరాలకు చుట్టపుచూపుగానో, సెలవుల్లోనో వెళ్ళవచ్చు. కాపురం మాత్రం పెట్టకూడదు. ఉద్యోగం, చదువు కూడా ప్రాంతీయ ఊళ్ళోనే. ఒక ప్రాంతీయ ఊరినుంచి మరో ప్రాంతీయ ఊరికి మారడానికి వీసా అడ్డురాదు. అయితే నామినేట్ చేసిన రాష్ట్రానికి ఏమైనా మాట ఇచ్చి ఉంటే అది చూసుకోవాలి. ఇల్లు మారినా, పనిచేసే చోటు మారినా 14 రోజుల్లో తెలియజెయ్యాలి. మెల్‌బోర్న్‌లో స్నేహితుడి ఇంట్లో ఉంటూ కాగితంమీద మాత్రం బెండిగో అడ్రసు పెడతానన్నవాళ్ళను నేను విన్నాను. అలా బయటపడితే ఉన్న వీసా రద్దు కావచ్చు. మూడేళ్ళ ప్రొబేషన్ గంగలో కలుస్తుంది.

ఇక ఎంపిక సంగతి. 491కు మార్కులుంటాయి. కనీసం 65 రావాలి, వయసు 45 లోపు ఉండాలి. 25 నుంచి 32 ఏళ్ళవారికి వయసుకే 30 మార్కులు. డిగ్రీకి 15. ఇంగ్లీషు పరీక్షలో మంచి స్థాయి వస్తే 10, ఇంకా పైస్థాయి వస్తే 20. మన దేశంలో అదే వృత్తిలో అయిదేళ్ళ అనుభవానికి 10. రాష్ట్ర నామినేషన్‌కో, బంధువు స్పాన్సరుకో 15. అంటే 30 ఏళ్ళ ఇంజనీరుకు మంచి ఇంగ్లీషు, అయిదేళ్ళ అనుభవం ఉంటే 65, నామినేషన్‌తో 80. అయితే 65 కనీసార్హత మాత్రమే. పోటీనిబట్టి పిలుపు రావడానికి అంతకంటే చాలా ఎక్కువే కావలసివస్తుంది. ముందుగా వృత్తికి సంబంధించిన సంస్థ చదువునూ అనుభవాన్నీ పరిశీలించి సరే అనాలి. ఆ తరువాత ఆన్‌లైన్‌లో ఆసక్తి తెలపాలి. పిలుపు వచ్చాక 60 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. మన తెలుగుకు ఇందులో 5 మార్కులున్నాయి. నాటీ అనే సంస్థ నడిపే ఒక పరీక్ష ఉంది. ఆస్పత్రిలోనో, బ్యాంకులోనో ఇద్దరు మాట్లాడుకునే సంభాషణ వినిపిస్తారు. ఇంగ్లీషులో విన్నది తెలుగులో, తెలుగులో విన్నది ఇంగ్లీషులో చెప్పాలి. రెండు సంభాషణలు, 90 మార్కులు. 63 రావాలి, ఒక్కొక్కదానిలో కనీసం 29 రావాలి. మా అల్లుడు ఇంజనీరింగు ఫస్టుక్లాసులో ప్యాసైనవాడు. "తనఖా", "పూచీకత్తు", "వాంగ్మూలం" అన్న మాటలు రాక తలపట్టుకున్నాడు. నెలరోజులు సాయంత్రంపూట మా ఆవిడ పేపరు చదివించి మాటలు నేర్పింది. అయిదు మార్కులు వచ్చాయి. ఇంగ్లీషు మీడియంలో వేసి తెలుగు మరిపించిన పిల్లలకు, పెద్దలు ఇంట్లో కూర్చుని చెయ్యగల సాయం ఇది. దీనికి గ్రాట్యుటీ అక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. 491 దరఖాస్తు రుసుమే ముఖ్య అభ్యర్థికి నాలుగున్నరవేల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. డాలరు 50 రూపాయల పైమాటే. భార్యకూ పిల్లలకూ వేరే రుసుము. దాదాపు ప్రతి జూలైలోనూ పెరుగుతుంది. ఇంగ్లీషు పరీక్ష, అర్హతల పరిశీలన, వైద్యపరీక్షలు, విమానం ఛార్జీలు, ఉద్యోగం దొరికేదాకా ఇంటి ఖర్చు అదనం. ఇవి న్యాయమైన ఖర్చులు. ఇవి కాక అడిగేదే ప్రమాదం.

మా అమ్మాయి విషయంలో ఒక కన్సల్టెన్సీవారు "రాష్ట్ర నామినేషన్ మా చేతిలో ఉంది, అల్లుడుగారికి ఉద్యోగం గ్యారంటీ" అని 8 లక్షలు అడిగారు. లిఖితపూర్వకంగా ఇవ్వండి అన్నాను. మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. నామినేషన్ ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. దానికి ఏ ఏజెంటుకూ కోటా లేదు. 494లో మరో మోసం ఉంది. "యజమాని స్పాన్సరు చేస్తాడు, అతనికి ఇంత ముట్టజెప్పాలి" అంటారు. స్పాన్సరుషిప్పును అలా అమ్మడం, కొనడం 2015 డిసెంబరు నుంచి ఆస్ట్రేలియా చట్టం ప్రకారం శిక్షార్హం. అడిగినవాడిమీదే కాదు, ఇచ్చినవాడిమీదా చర్య ఉంటుంది, వీసా పోవచ్చు. అలాగే దొంగ అనుభవ పత్రాలు. అబద్ధపు కాగితం పెట్టి దొరికితే మూడేళ్ళపాటు వీసా రాకుండా నిషేధం పడుతుంది. అక్కడి రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మీ మనవడు రెండు నిమిషాల్లో చూసిపెడతాడు.

వీసా వచ్చింది అంటే ఉద్యోగం వచ్చింది అని కాదు. ఈ మాట 491వారు గుండెల్లో రాసుకోవాలి. మా అమ్మాయికి నర్సుగా అక్కడి రిజిస్ట్రేషన్ ముందే ఉంది గనుక వెంటనే పని దొరికింది. నర్సు, డాక్టరు, టీచరు వంటివారికి వీసా ఒకటి, రిజిస్ట్రేషన్ మరొకటి. రెండూ కావాలి. అల్లుడికి ఎనిమిది నెలలు ఇంజనీరు ఉద్యోగం రాలేదు. "అక్కడి అనుభవం ఉందా?" అన్నదే ప్రతిచోటా ప్రశ్న. ఆహారపదార్థాల ప్యాకింగు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేశాడు. ఆ ఎనిమిది నెలలూ మాకు ఫోన్లో "బాగానే ఉంది మామయ్యా" అనేవాడు. తరువాత ఒక కౌన్సిల్లో రోడ్ల పని చూసే ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు బాగానే ఉన్నారు. కాని ఆ ఎనిమిది నెలలు గడవడానికి చేతిలో నిల్వ ఉండాలి. 494వారి చిక్కు ఇంకో రకం. ఉద్యోగం ఖాయం, కాని యజమాని మారితే వీసా చిక్కులో పడుతుంది. ఉద్యోగం పోతే మరో స్పాన్సరును వెతుక్కోవడానికి ఒక్క విడతలో 180 రోజులు గడువు.

బెండిగో సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. 1850లలో బంగారం దొరికి వెలసిన ఊరు. సుమారు లక్ష జనాభా. మెల్‌బోర్న్‌కు రైల్లో రెండు గంటల ప్రయాణం. పెద్ద ఆస్పత్రి ఉంది, పార్కులున్నాయి, రోడ్లమీద తోపులాట లేదు. మనవడు నడిచి బడికి వెళ్తాడు. జూలైలో తెల్లవారేసరికి గడ్డిమీద మంచు పేరుకుంటుంది. సాయంత్రం అయిదున్నరకు బజారు నిర్మానుష్యం. మేము వెళ్ళినప్పుడు మా వీధిలో తెలుగు మాట వినబడలేదు. పగలు పిల్లలంతా పనికీ బడికీ పోతే మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, "ఎవరైనా కూరలబండి అరిస్తే బాగుండు" అంది. ఊరు నచ్చిన కుటుంబానికి అది మంచి జీవితం. మూడేళ్ళు ఎలాగో గడిపేసి నగరానికి పారిపోదాం అనుకునేవారికి రోజు లెక్కపెట్టుకునే శిక్ష. పిల్లలను ఈ మాట ఇద్దరినీ కూర్చోబెట్టి అడగండి. కొడుకును మాత్రమే కాదు, కోడల్నీ అడగండి.

చివరగా మన సంగతి. "మేం వెళ్ళి మిమ్మల్నీ తీసుకెళ్తాం" అంటారు పిల్లలు. ప్రేమతోనే అంటారు. నిబంధనలు ఏమంటున్నాయంటే, 491, 494లమీద ఉన్నవారికి అక్కడి ప్రభుత్వ వైద్యం, మెడికేర్, ఉంటుంది. మనం సందర్శకులుగా వెళితే మనకు ఉండదు. ఆరోగ్య బీమా కొనుక్కుని వెళ్ళాలి, పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో చదివి కొనాలి. తల్లిదండ్రులను దీర్ఘకాలం ఉంచుకునే వీసాలకు పిల్లలు పౌరులో, శాశ్వత నివాసులో అయి ఉండాలి. అంటే 191 వచ్చాకే. 870 అనే తాత్కాలిక పేరెంటు వీసా మూడేళ్ళకో అయిదేళ్ళకో ఇస్తారు. మొత్తంమీద పదేళ్ళు మించకూడదు. రుసుము మూడేళ్ళకు 5 వేల డాలర్ల పైన, అయిదేళ్ళకు 10 వేల పైన. శాశ్వత పేరెంటు వీసాకు సంతానంలో కనీసం సగంమంది అక్కడ స్థిరపడి ఉండాలి, లేదా మరే ఒక్క దేశంలో కంటే అక్కడ ఎక్కువమంది ఉండాలి. ఇద్దరిలో ఒకరు అక్కడుంటే సరిపోతుంది. ముగ్గురిలో ఒకరు అక్కడ, ఇద్దరు ఇక్కడ అయితే కుదరదు. కుదిరినా, మామూలు రుసుముతో వెళ్ళే వరుస దశాబ్దాల నిడివి. మన వయసుకు ఆ వరుసలో నిలబడటం తమాషా మాట.

ఉన్న నాలుగు నెలలైనా పింఛను ఆగకుండా చూసుకోవాలి. కేంద్ర పింఛనుదార్లు నవంబరులో, 80 దాటినవారు అక్టోబరు నుంచే జీవన ప్రమాణ పత్రం ఇవ్వవచ్చు. విదేశంలో ఉంటే భారత రాయబార కార్యాలయంలో సంతకం చేయించుకోవచ్చు. రాష్ట్ర పింఛనుదార్లు ట్రెజరీ గడువు తెలుసుకుని ప్రయాణం పెట్టుకోండి.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. పిల్లలను ఆపమని కాదు. సర్వీసులో మనమూ నీళ్ళు కాచుకుని తాగే ఊళ్ళలో పనిచేసి పైకొచ్చినవాళ్ళమే. కాని డబ్బు ఇచ్చేముందు అయిదు ప్రశ్నలు అడగండి. ఏ నంబరు వీసా? ఏ ఊరు? ఆ ఊళ్ళో ఆ పనికి ఉద్యోగాలున్నాయా, రిజిస్ట్రేషన్ కావాలా? ఆరునెలలు జీతం లేకపోయినా గడుస్తుందా? ఈ రుసుము ప్రభుత్వానికా, మధ్యవారికా? జవాబులు తృప్తిగా ఉంటే చేతనైనంత సర్దండి. ఉన్న ఇల్లు మాత్రం అమ్మకండి, మందుల డబ్బు ముట్టుకోకండి. వాళ్ళ వీసా తాత్కాలికం. వాళ్ళది స్థిరపడేదాకా మన ఇల్లూ, మన పింఛనూ స్థిరంగా ఉండాలి. అవసరమైతే వాళ్ళు తిరిగి రావడానికి కూడా ఒక గుమ్మం ఉండాలి కదా.

నిబంధనలు ఏటేటా మారుతుంటాయి. దరఖాస్తు పెట్టే రోజున ఆస్ట్రేలియా హోం శాఖ వెబ్‌సైటు చూసి సరిచూసుకోవలసిందిగా కోరుతున్నాను. ఎవరికైనా కాగితాలు చదివిపెట్టాలంటే బుధవారం సాయంత్రాలు నేను సంఘం ఆఫీసులోనే ఉంటాను.