కాలువ నీళ్ళు, కంప్యూటర్ లెక్కలు



కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు ‘డిజైన్ అండ్ అనాలిసిస్ ఆఫ్ అల్గారిథమ్స్’ అనే సబ్జెక్టు ఉంటుంది. బట్టీ పడితే అది ఒంటబట్టదు. మన గోదావరి కాలువల మీద పెట్టి చూస్తే ఇట్టే అర్థమవుతుంది.

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన ధవళేశ్వరం దగ్గరే గోదావరి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు మళ్ళుతుంది. ఏ కాలువైనా కొంత నీటినే మోయగలదు. మరి శివారు భూములకు గరిష్ఠంగా ఎంత నీరు చేర్చగలం? ఇలాంటి లెక్కకే ‘మ్యాక్స్ ఫ్లో’ అని పేరు. 1956లో ఫోర్డ్, ఫుల్కర్సన్ ఒక పద్ధతి ప్రచురించారు. ఖాళీ ఉన్న దారి వెతకాలి. అందులో ఇరుకైన చోట ఎంత పడితే అంతే పంపాలి. అవసరమైతే ముందు పంపినదాన్ని దారి మళ్ళించాలి. ఇక దారి దొరకని దాకా ఇదే చేయాలి. ఇది డిజైన్.

ఇప్పుడు కాగితం మీద ఒకే చోట మొదలై ఒకే చోట కలిసే రెండు దారులు గీయండి. ఒక్కో దారిలో వెయ్యేసి క్యూసెక్కుల కాలువలు రెండు. ఆ దారుల నడిమి నుంచి అడ్డంగా 1 క్యూసెక్కు పిల్లకాలువ. ప్రతిసారీ ఆ పిల్లకాలువ మీదుగానే వెళ్తే 2,000 సార్లు తిరగాలి. తక్కువ కాలువలున్న దారి పట్టుకుంటే రెండు సార్లతో సరి! అలా ఎంచుకుంటే పని ఎప్పుడూ హద్దులోనే ఉంటుందని 1972లో ఎడ్మండ్స్, కార్ప్ నిరూపించారు. ఇది అనాలిసిస్.

విద్యార్థులారా, కోడ్ రాసే ముందు చిన్న ఉదాహరణను చేత్తో చేసి చూడండి. మీ పద్ధతిని బాగా ఇబ్బంది పెట్టే సందర్భాన్ని మీరే వెతకండి. ఎన్నిసార్లు తిరగాల్సి వస్తుందో లెక్కపెట్టండి. ఈ అలవాటు పరీక్షలోనూ, ఉద్యోగంలోనూ మీకు అండగా ఉంటుంది.