లెక్కకెక్కని దెబ్బలు
(ఒక పల్లె సభలో మేం చేసిన ప్రసంగం)



ఏ రాష్ట్రంలో నేరాలెక్కువ, ఎక్కడ బతుక్కి భద్రత ఉంది అని ఏటేటా పేపర్లలో పట్టికలు వేస్తారు. ఆ లెక్కలు కట్టేది జాతీయ నేర రికార్డుల బ్యూరో. 2022 లెక్క చూడండి. ఆ ఏడు దేశం మొత్తంమీద షెడ్యూల్డు కులాలపై నేరాల కింద 57,582 కేసులు నమోదైనయి. ఉత్తరప్రదేశ్‌లో 15,368. మధ్యప్రదేశ్‌లో 7,733. పైపైన చూస్తే మధ్యప్రదేశే నయమనిపిస్తుంది. కానీ 2011 జనాభా లెక్కల్లో ఉత్తరప్రదేశ్‌లో మనవాళ్లు 4 కోట్ల పైచిలుకు, మధ్యప్రదేశ్‌లో కోటీ 13 లక్షలు. లక్షమందికి ఎన్ని కేసులని భాగిస్తే ఉత్తరప్రదేశ్‌కు 37, మధ్యప్రదేశ్‌కు 68. ఒట్టి అంకె చూసి మోసపోవద్దని దీని అర్థం.

ఇంకో మెలిక ఉంది. పశ్చిమ బెంగాల్‌లో మనవాళ్లు 2 కోట్లకు పైనే. అక్కడ కేసులు ఏడాదికి నూరుకి అటూ ఇటూ. కులం అక్కడ చచ్చిపోయిందా? లేక దెబ్బతిన్నవాడు స్టేషను గడప ఎక్కలేదా? పట్టిక ఆ మాట చెప్పదు. స్టేషన్లో రాసిన కాయితాలనే అది లెక్కబెడుతుంది. రాజీ చేసి పంపిన కేసు, ఊరి పెద్దలు నొక్కేసిన కేసు అందులో ఉండవు. మతం మారి క్రైస్తవుడైన దళితుణ్ణి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీగా ఒప్పుకోదు. వాడి ఒంటిమీద పడిన దెబ్బ కూడా ఈ ఖాతాలోకి రాదు.

1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ పేర్లు దేశానికి తెలిసింది పట్టికల వల్లనా? మనవాళ్లు శిబిరాలు పెట్టి, రోడ్డెక్కి కొట్లాడినందువల్ల తెలిసింది.

మనం మేలుకుని కేసులు పెడితే అంకె పెరుగుద్ది. అప్పుడు చట్టాన్ని దుర్వినియోగం చేస్తున్నారని గోల చేస్తారు. పెరిగింది నేరమా, మన నోరా అని మనం ఎదురు అడగాలి.

అందుకే దెబ్బ తగిలిన రోజే ఫిర్యాదు రాసివ్వండి. ఎఫ్‌.ఐ.ఆర్‌. నకలు ఉచితంగా ఇవ్వాల్సిందే, అడిగి తీసుకోండి. మా స్టేషను పరిధి కాదంటే ఊరుకోవద్దు, ఏ స్టేషన్లోనైనా రాసుకోవాల్సిందే. ఎస్సై రాయనంటే ఎస్పీకి పోస్టులో పంపండి. కావాలని విధి తప్పిన ఎస్సీ, ఎస్టీ కాని అధికారికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలని 1989 అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షనులోనే ఉంది.

ప్రతి పల్లెలో ఒక నోటుపుస్తకం పెట్టండి. జరిగింది, తేదీ, ఫిర్యాదు ఇచ్చిందీ లేనిదీ అందులో రాయండి. సర్కారు లెక్క పక్కన మన లెక్క పెట్టిన రోజున ఏ ఊరు భద్రమో మనమే తేలుస్తాం.

జై భీమ్!