ఆకాశం మీద ప్రయోగాలు - అనుమతి ఎవరిది?

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2000 దశకంలో మన రాయలసీమ మీద మేఘమథనం విమానాలు తిరగడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మబ్బుల్లో రసాయనాలు వదిలితే వాన పడుతుందన్నారు. పడినచోట విమానం వల్ల పడిందో, పడవలసిన వానే పడిందో తేల్చడం శాస్త్రజ్ఞులకే కష్టం. నేనడిగేది వేరు. శనగ విత్తడానికి పదును కోసం కాచుకున్న జమ్మలమడుగు కూలి స్త్రీని, చీనీచెట్లు ఎండిపోతున్న పులివెందుల రైతు స్త్రీని విమానం ఎగిరేముందు ఎవరైనా ఒక మాట అడిగారా? మీరే చెప్పండి.

ఇప్పుడు ప్రపంచంలో అంతకన్నా పెద్ద ప్రయోగం గురించి చర్చ నడుస్తోంది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలి, సుమారు 2 కోట్ల టన్నుల గంధకపు వాయువును పైకి చిమ్మింది. దాని నుంచి ఏర్పడిన సన్నటి తెర కొంత ఎండను వెనక్కి తిప్పికొట్టింది. భూమి సుమారు అర డిగ్రీ చల్లబడింది. అదే పని మనుషులు చేస్తే భూతాపం తగ్గదా అన్నది ఆలోచన. కానీ ఆ పేలుడు తర్వాత ప్రపంచంలో నేలమీద కురిసే వాన కూడా తగ్గిందని అధ్యయనాలు చెబుతున్నాయి. వాన మీద బతికే మనకు ఇది చిన్న మాట కాదు. పైగా ఈ తెర బొగ్గుపులుసు వాయువును తగ్గించదు. మధ్యలో ఆపేస్తే, అణిగి ఉన్న వేడి త్వరత్వరగా మీద పడుతుంది.

అయితే పరిశోధనే వద్దందామా? నేనలా అనను. తెలియక నిర్ణయించడం కంటే తెలుసుకోవడం మేలు. కానీ ఆ పరిశోధన ఎవరికి జవాబుదారీ? 2021లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు స్వీడన్ ఉత్తరాన ఒక బెలూన్ ఎగరెయ్యాలనుకున్నారు. అది పరికరాల పరీక్షే, ఏమీ చల్లరు. అయినా తమను సంప్రదించలేదని అక్కడి మూలవాసులైన సామీలు అభ్యంతరం చెప్పారు. పరీక్ష ఆగిపోయింది. 2024లో ఆ ప్రాజెక్టునే ముగించారు. ఇటువంటి పనుల విషయంలో 2010లోనే జీవవైవిధ్య ఒప్పంద దేశాలు హెచ్చరిక చేశాయి గానీ, చిన్న ప్రయోగాలకు మినహాయింపునిచ్చాయి. ఆ తీర్మానానికి చట్టబలమూ లేదు.

రేపు మన దగ్గర అడిగినా, ఎవరిని అడుగుతారు? పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవారిని. కలుపు తీసేది, కాయ వలిచేది, నీళ్లు మోసేది ఆడవాళ్లు. పట్టా మాత్రం ఎక్కువగా మగవాళ్ల పేర ఉంటుంది. పంట పోతే పరిహారం పట్టా వెంటే నడుస్తుంది. కూలి పోయిన స్త్రీ నష్టం లెక్కకే రాదు.

అందువల్ల మనం అడగవలసినవి ఇవి: ప్రయోగానికి ముందే మన భాషలో, మన ఊళ్లో వివరాలు చెప్పాలి. వద్దనే హక్కు ఉండాలి. ఫలితాలు, వైఫల్యాలతో సహా, బయటపెట్టాలి. చేసినవాళ్లే కాక బయటివాళ్లూ వాటిని పరిశీలించాలి. నష్టం జరిగితే ఎవరు భరిస్తారో ముందే రాసి ఉండాలి. ఆ లెక్కలో పట్టా లేని స్త్రీలు ఉండాలి.

ఆకాశానికి పట్టా లేదు. కాబట్టి ఎవరి సొంతమూ కాదని ఊరుకుంటే, బలమున్నవాళ్ల సొంతమవుతుంది. ఈ చర్చను ఇక్కడినుంచి మీ మీ సంఘాల్లోకి తీసుకువెళ్లమని కోరుతున్నాను.