కీబోర్డులో మన వాద్యాలు: దెబ్బ ఎవరిది, పేరు ఎవరిది?

(శ్రీకాళహస్తి సభలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రీకాళహస్తిలో నిలబడి మాట్లాడేటప్పుడు కన్నప్పను తలుచుకోకుండా మొదలుపెట్టలేం. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు ఈ ఊళ్లో మొదటి జెండా ఎగిరేది కన్నప్ప కొండ మీద. వేటగాడు తిన్నడు పుక్కిట నీళ్లు తెచ్చి అభిషేకం చేశాడు, తనకు రుచిగా తోచిన మాంసమే నైవేద్యం పెట్టాడు. ధూర్జటి ఆ కథను శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో చెప్పాడు. తన దగ్గరున్నది తనకు తెలిసిన పద్ధతిలో ఇచ్చిన మనిషి పేరును ఈ ఊరు ఇన్ని వందల ఏళ్లుగా నిలబెట్టుకుంది. మేం ఈ రోజు చెప్పబోయేది ఎలక్ట్రానిక్ కీబోర్డు సంగతి. కానీ అందులోనూ ప్రశ్న ఇదే: ఇచ్చినవాళ్ల పేరు నిలుస్తుందా?

మేం యానాది, ఎరుకల, సుగాలి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలం. పెళ్లిళ్లకు, జాతరలకు కీబోర్డు, ప్యాడు వాయిస్తాం. మా చేతిలో ఉండే కీబోర్డులు మంచివే. యమహా పీఎస్ఆర్-ఐ500, రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటివి మన దేశంలో వాయించేవాళ్లను దృష్టిలో పెట్టుకుని తబలా, ఢోలక్, సితార్ లాంటి శబ్దాలతో తయారైనవి. అయినా తాండాలో పెళ్లి జరిగితే మేం వాయించేది ఢోలకే. డప్పు దెబ్బ కావాలంటే ఢోలక్ శబ్దాన్నే కాస్త కిందికి దించి సర్దుకుంటాం. మన పెళ్లిలో మన వాద్యం వినపడదు. పక్క ఊరి పెళ్లికీ, మన పెళ్లికీ చెవికి తేడా తెలియదు.

దీనికి ఒక దారి ఉంది. దాన్ని ఎక్స్‌పాన్షన్ ప్యాక్ అంటారు. కంపెనీ ఇచ్చిన శబ్దాలు చాలనప్పుడు, కొత్త శబ్దాలను మనమే తయారుచేసి కీబోర్డులోకి ఎక్కించుకునే మూట అది. అన్ని కీబోర్డులూ దీన్ని ఒప్పుకోవు. యమహాలో పీఎస్ఆర్-ఎస్ఎక్స్700కు 400 మెగాబైట్లు, ఎస్ఎక్స్900కు ఒక గిగాబైటు చోటు ఇందుకోసం ఉంటుంది. యమహా ఎక్స్‌పాన్షన్ మేనేజర్ అనే ప్రోగ్రాముతో ప్యాక్ కట్టి పెన్‌డ్రైవ్ ద్వారా ఎక్కించుకోవచ్చు. అంత ఖరీదు కీబోర్డు లేనివాళ్లు ల్యాప్‌టాప్‌లో సౌండ్‌ఫాంట్‌గా కట్టుకుని, ఉన్న కీబోర్డును యూఎస్‌బీ తీగతో దానికి తగిలించి వాయించుకోవచ్చు. శబ్దాలు కత్తిరించడానికి ఆడాసిటీ, సౌండ్‌ఫాంట్ కట్టడానికి పాలీఫోన్ ఉన్నాయి. రెండూ ఉచితం.

ఇప్పుడు పని ఎలా జరుగుతుందో చెబుతాం. సుగాలి తాండా నగారాను తీసుకుందాం. ఒకే నగారా మీద దెబ్బలు చాలా రకాలు: నడి చర్మం మీద, అంచు మీద, ఒక చేత్తో అదిమిపెట్టి, రెండు పుల్లలూ కలిపి. మేం ఆరు రకాలు ఎంచుకున్నాం. ఒక్కో రకం మెల్లగా, ఒక మోస్తరుగా, గట్టిగా, బాగా గట్టిగా, ఇలా నాలుగు బలాల్లో కావాలి. కీబోర్డు మన వేలి వేగాన్ని 1 నుంచి 127 వరకు అంకెలుగా చదువుతుంది. ఏ అంకెకు ఏ దెబ్బ పలకాలో మనం చెప్పాలి. మెల్లగా కొట్టిన దెబ్బనే పెద్దది చేసి వినిపిస్తే అది గట్టి దెబ్బ కాదు. గట్టిగా కొట్టినప్పుడు చర్మం వేరే రకంగా పలుకుతుంది. ఇక ఒక్కో బలంలోనూ నాలుగేసి సార్లు రికార్డు చేయాలి. మనిషి చేయి ఏ రెండు సార్లూ ఒక్కలా కొట్టదు. ఒకే రికార్డు మళ్లీ మళ్లీ మోగితే అది కుట్టుమిషను చప్పుడైపోతుంది. ఆరు రకాలు, నాలుగు బలాలు, నాలుగు సార్లు: మొత్తం 96 దెబ్బలు.

కొన్ని కీబోర్డులు ఆ నాలుగు దెబ్బలను వరసగా మార్చి మార్చి పలికిస్తాయి. ఆ సౌకర్యం లేని చోట వాటిని పక్కపక్క మీటల మీద పెడతాం. మార్చడం వాయించేవాడి వేలికి వదిలేస్తాం.

రికార్డింగు స్టూడియోలోనే జరగాలని లేదు. తెల్లవారుజామున ఊరి చివర, లేదా బడి గదిలో గోడలకు బొంతలు కట్టి, ఫ్యాన్లు ఆపేసి చేయవచ్చు. ఫోనులో మామూలు రికార్డింగు మాత్రం వద్దు. ఫోను తనంతట తానే చిన్న శబ్దాన్ని పెంచి పెద్ద శబ్దాన్ని తగ్గిస్తుంది. నాలుగు బలాలూ ఒకటైపోతాయి. చిన్న రికార్డరు ఏదైనా సరే, ఆ తగ్గింపు ఆపేసి, వేవ్ ఫైలుగానే దాచాలి. వాట్సాప్‌లో ఆడియోగా పంపుకుంటే శబ్దం నలిగిపోతుంది. డప్పు విషయంలో ఇంకో సంగతి ఉంది. మంట మీద కాచిన చర్మం బిగిసి ఖంగుమంటుంది, చల్లారేకొద్దీ దిగిపోతుంది. అందుకని కాచిన వెంటనే కొన్ని దెబ్బలు తీసుకోవడం, మళ్లీ కాచడం, మళ్లీ తీసుకోవడం. అక్కడ మంట వేసే మనిషి కూడా మా బృందంలో ఒకడే.

ఎంత చోటు పడుతుందని పిల్లలు అడుగుతారు. సీడీ నాణ్యతలో, ఒక మైకుతో తీసిన సెకను శబ్దానికి 88 కిలోబైట్లు. రెండు సెకన్ల దెబ్బలు 96 అంటే 17 మెగాబైట్లు. అంతే. తరతరాల చేతి పని 17 మెగాబైట్లలో పడుతుందంటే ఒకందుకు సంతోషం, ఒకందుకు భయం. జేబులో వేసుకుని ఎవరైనా పోవచ్చు కదా! ఆ భయం సంగతి తర్వాత చెబుతాం.

కిన్నెర దగ్గర పని ఇంకా జాగ్రత్తగా చేయాలి. నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర మీకందరికీ తెలుసు. కీబోర్డులో ఒక స్థాయికి మీటలూ పన్నెండే. లెక్క సరిపోయింది కదా అని మెట్టుకొక మీట చొప్పున పెట్టి, కంప్యూటరుతో స్వరాలు 'సరిచేస్తే' కిన్నెర చచ్చిపోతుంది. కీబోర్డు మీటల మధ్య దూరాలు అన్నీ సమానం. కిన్నెర మెట్టు ఎక్కడ ఉండాలో దాన్ని కట్టినవాడి చెవి తేల్చింది. అందుకే మెట్టు పలికిన స్వరాన్ని పలికినట్టే ఉంచాలి. పక్కన హార్మోనియం వాయించేవాళ్లకు ఇబ్బంది అయితే కీబోర్డులో స్కేల్ ట్యూనింగ్ ఉంటుంది, మిగతా శబ్దాలను కిన్నెర వైపు జరపవచ్చు. ఎప్పుడూ మన వాద్యమే సర్దుకోవాలా? ఒకసారి పియానో కూడా సర్దుకోనీ!

లయలోనూ ఇదే సంగతి. ప్యాక్‌లో శబ్దాలతో పాటు స్టైల్స్ కూడా పెట్టవచ్చు, అంటే ఆగకుండా తిరిగే తాళాలు. కంప్యూటరులో క్వాంటైజ్ అనే మీట ఒకటి ఉంది. అది ప్రతి దెబ్బనూ గీత మీదికి లాగి నిలబెడుతుంది. సుగాలి ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ వంగి లేచేటప్పుడు నగారా దెబ్బ ఆ అడుగు కోసం రవ్వంత ఆగుతుంది. గీత మీదికి లాగితే ఆ ఆగడం పోతుంది. మేం ఆ మీట ముట్టుకోం. తాళం సరిపోయిందా లేదా అన్నది కంప్యూటరు చెప్పేది కాదు. దాని మీద నాలుగడుగులు వేసి అవ్వ చెప్పాలి.

ఇక అసలు విషయం. ఏ తాండాకు, ఏ కాలనీకి మైకు పట్టుకుని పోయినా పెద్దలు ఒకే మాట అడుగుతారు: మా దెబ్బ ఆ డబ్బాలో పెట్టుకుని పోతే, రేపు పెళ్లికి మమ్మల్ని ఎవరు పిలుస్తారు?

ఈ ప్రశ్నకు తీపి జవాబు చెప్పడం తేలిక. మేం చెప్పం. అమెరికాలో 1969లో విన్‌స్టన్స్ అనే బృందం 'ఆమెన్, బ్రదర్' అనే పాట రికార్డు చేసింది. అందులో డ్రమ్ము వాయించిన గ్రెగరీ కోల్‌మన్ ఆరేడు సెకన్ల పాటు ఒంటరిగా వాయిస్తాడు. ఆ ముక్కను తర్వాతి వాళ్లు కత్తిరించి వేల పాటల్లో వాడుకున్నారు. కోల్‌మన్‌కు రాయల్టీ ఒక్క పైసా రాలేదు. 2006లో ఆయన దిక్కులేని స్థితిలో పోయాడు. మన దగ్గర చూడండి. మొగులయ్య గారి గొంతు 2021లో భీమ్లా నాయక్ పాటతో కోట్ల మంది విన్నారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి పోతున్నారని పత్రికలు రాశాయి. శబ్దానికి పేరు వస్తే, వాయించినవాడి ఇంట్లో పొయ్యి దానంతటదే వెలగదు.

చట్టం కూడా తెలుసుకోవాలి. తరాల నుంచి వస్తున్న తాళానికి, వాద్యపు శబ్దానికి కాపీరైటు ఎవరి పేరనా లేదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు దాన్ని తయారుచేయించిన నిర్మాతది, 60 ఏళ్ల పాటు. వాయించినవారికి కళాకారుల హక్కు అని వేరే ఉంది, అది 50 ఏళ్లు. కానీ కాగితం లేని చోట ఆ హక్కును అడిగేవారెవరు? దీని అర్థం ఒక్కటే. మన నగారాను మనం రికార్డు చేయకపోతే, ఎవరో ఒకరు చేస్తారు. ఆ రికార్డు వాళ్లదవుతుంది. రేపు మన పిల్లలు మన తాత దెబ్బను డబ్బులిచ్చి కొనుక్కోవాలి.

అందుకే మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ముందు అడగాలి, వద్దంటే మైకు మూసేయాలి. దేవర దగ్గర, చావు దగ్గర మాత్రమే మోగే దెబ్బలు, ఎరుకల అవ్వ చెప్పే సోది ప్యాక్‌లోకి రావు. వాటి చోటు వేరు. వాయించినవారికి ఆ రోజు కూలి కాదు, కళాకారుడి సంభావన ఇవ్వాలి. ప్యాక్ అమ్మితే అందులో వాటా ఉందని తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. మూల రికార్డింగుల ప్రతి ఒకటి ఆ కుటుంబం దగ్గర ఉండాలి. చివరిది మాకు అన్నిటికంటే ముఖ్యం. కీబోర్డు తెర మీద శబ్దం పేరు 'ట్రైబల్ డ్రమ్ 3' అని కనపడకూడదు. వాద్యం పేరు, తాండా పేరు, ఒప్పుకుంటే వాయించిన తాత పేరు కనపడాలి. మీట నొక్కే ప్రతి కుర్రాడూ ముందు ఆ పేరు చదవాలి.

పిలుపుల సంగతికి వస్తాం. ప్యాక్ వల్ల పాత పిలుపులు తిరిగి వస్తాయని మేం మాట ఇవ్వలేం. పెళ్లిళ్లలో మన మేళం స్థానం కీబోర్డు తీసుకుని చాలా ఏళ్లయింది. మన శబ్దం అందులో లేకుండానే తీసుకుంది. మేం ఇవ్వగలిగిన మాట ఒకటి ఉంది. మేం పోయే ప్రతి కార్యక్రమానికి ఒక్క వాద్యకారుడినైనా కీబోర్డు పక్కన కూర్చోబెట్టుకుంటాం. ఆయన ఖర్చు మా బేరంలోనే కలిపి చెబుతాం. ప్యాక్‌లోని 96 దెబ్బలు 96 దెబ్బలే. 97వది, ఆడేవాళ్ల ముఖం చూసి అప్పటికప్పుడు పుట్టేది, మనిషి దగ్గరే ఉంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో అటక మీద పాత వాద్యం ఏదైనా ఉంటే దించండి. చర్మం చిరిగినా పరవాలేదు. ఎవరిది, ఎక్కడ చేయించారు, ఏ పనికి వాయించేవారు, పెద్దలు ఉన్నప్పుడే అడిగి రాసిపెట్టండి. పిల్లలకూ ఒక మాట. కీబోర్డు నేర్చుకోండి, కంప్యూటరు నేర్చుకోండి. కానీ ప్యాక్ కట్టాలంటే ఏ దెబ్బ మంచిదో ఎంచే చెవి కావాలి. ఆ చెవి నగారా ముందు కూర్చుని తాత చేత రెండు మొట్టికాయలు తిన్నవాళ్లకే వస్తుంది.

 బయట బల్ల మీద కీబోర్డు, దాని పక్కన నగారా పెట్టాం. రెండూ వాయించి చూడండి. సెలవు.