శీలమునకు కుంచము కలదా?



ధాన్యమును కుంచముతో కొలుతురు. బట్టను గజముతో కొలుతురు. మనుష్యుని దయను, ధైర్యమును, నిజాయితీని కొలుచుటకు సాధనమేది? ఈ ప్రశ్నను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు చేపట్టిరి. వారికి సాధ్యమైనదియు, సాధ్యము కానిదియు రెండును తెలిసికొనదగినవే.

అమెరికాలోని ఆచార్యులు క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ 2004లో ఒక ఉద్గ్రంథమును వెలువరించిరి. మనోవ్యాధులకు పట్టికలుండగా మంచి గుణములకేల ఉండరాదని వారి ప్రశ్న. తమ దేశపు నీతినే లోకనీతిగా తలపక కన్ఫ్యూషియసు, తావో, బౌద్ధ, హిందూ, గ్రీకు, యూద, క్రైస్తవ, ఇస్లాము సంప్రదాయములను పరిశీలించిరి. వివేకము, ధైర్యము, మానవత, న్యాయము, నిగ్రహము, పారమార్థికదృష్టి అను ఆరు సుగుణములు ఆ సంప్రదాయములలో ఏదో ఒక రూపమున కానవచ్చినవి. వాని క్రింద 24 శీలగుణములను నిర్ణయించి, గుణమునకు 10 చొప్పున 240 వాక్యముల ప్రశ్నావళిని కూర్చిరి. ఒక్కొక్క వాక్యము తనకెంతవరకు వర్తించునో చదువరి తానే 5 మెట్లలో గుర్తింపవలెను.

చదువుకొన్నవారి పట్టిక తక్కినవారికి పనికివచ్చునా? రాబర్ట్ బిశ్వాస్-డీనర్ అను పరిశోధకుడు కెన్యాలోని పశుపాలకులగు మసాయిలను, గ్రీన్లాండు ఉత్తరకొననున్న ఇనుగ్యూట్లను, అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయపు విద్యార్థులను విచారించి, 2006లో ఫలితములను ప్రకటించెను. ఈ గుణములు మీలో కలవా, మీ బిడ్డలకు వీనిని కోరుదురా అని అడుగగా మూడు తెగలవారును చాలవరకు ఔననిరి. అయితే ఏ గుణము ఎంత ముఖ్యమన్న విషయమున భేదములు కానవచ్చినవి.

గుణములను గుర్తించుట ఒకటి. వానిని తూచి జాతులను పోల్చుట మరియొకటి. ఒక ఊర అందరును తెల్లవారుజాముననే పొలమునకు పోవుదురనుకొనుడు. సూర్యోదయమునకు లేచువాడు అచ్చట తన్ను సోమరి యనుకొనును. వాడే పొద్దెక్కి లేచు పట్టణమున నుండినచో తన్ను కష్టజీవి యనుకొనును. మనిషి యొకడే; మారినది ఇరుగుపొరుగు. ప్రశ్నావళికి జవాబు వ్రాయువాడు తన యూరి కుంచముతోనే తన్ను కొలుచుకొనును. స్టీవెన్ హైన్, అతని సహచరులు ఈ చిక్కును 2002లో విశదపరచిరి. వినయమును కొలుచుట మరింత కష్టము. నిజమైన వినయశీలి తనకు తక్కువ మార్కులు వేసికొనును. డాంబికుడు నిండుగా వేసికొనును. అందుచేత రెండు దేశముల అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి, వీరు ఘనులు, వారు అల్పులు అని తీర్పు చెప్పుట శాస్త్రము కాజాలదు.

ఇది పండితుల తర్కము మాత్రమే కాదు. ఒక సంఘమంతటికిని ఒకే శీలమును అంటగట్టిన కీడును ఈ దేశము అనుభవించినది. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసి, కొన్ని కులములవారు పుట్టుకతోడనే దొంగలని ముద్ర వేసెను. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. తెలుగునాట ఎరుకలవారు ఆ ముద్రను మోసిరి. ఆ తెగలో పుట్టిన బిడ్డ ఏమి చేసెనని ఎవరును అడుగలేదు. ఎవరి బిడ్డయని మాత్రమే అడిగిరి. 1952లో చట్టము రద్దయ్యెను గాని, మాటలతో వేసిన ముద్ర అంత త్వరగా చెరగలేదు.

కాబట్టి ఈ ప్రశ్నావళి నిష్ప్రయోజనమా? కాదు. ఒక మనిషి తన 24 గుణములలో ఏవి బలమైనవో, వేనికి సాధన కావలెనో తెలిసికొనుటకు అది అద్దము వంటిది. అద్దము తన ముఖమును చూచుకొనుటకే గాని పొరుగువానిని వెక్కిరించుటకు గాదు.

గ్రంథాలయము చేయు మేలును ఇట్టిదే. మసాయి కాపరిని గూర్చియు, మంచునేల వేటగానిని గూర్చియు చదివినవానికి లోకమున కుంచములు పెక్కు కలవని తెలియును. అది తెలిసినవాడు మరియొకరి శీలమునకు వెల కట్టబోవునపుడు ఒక్క క్షణము ఆగును. ఆ ఆగుటయే వివేకము.