కాదన్నచోట నిలబడటమే విశ్వాసం

(చిక్కడపల్లిలో పోటీ పరీక్షలకు చదువుతున్న యువత ముందు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ గేటు దగ్గర టిఫిన్ డబ్బాతో నిలబడేది మన పిల్లలే. అశోక్‌నగర్ ఇరుకు గదుల్లో ఉండేదీ, ఆదివారం నారాయణగూడ బాప్టిస్టు చర్చిలో మోకాళ్ళేసేదీ మన పిల్లలే. 2022 అక్టోబరులో గ్రూప్-1 రాశారు. పేపరు లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "దేవుని చిత్తం బిడ్డా" అంటుంది. ఆ మాట మనకు ఓదార్పే. కానీ మన తాతలు క్రీస్తును నమ్మింది ఊరుకోవడానికేనా?

ఒంగోలు సంగతి గుర్తు చేసుకుందాం. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ, యర్రగుంట్ల పేరయ్య, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాబోమని పెద్దకులాలోళ్ళు క్లౌ దొరకి చెప్పారు. దొర, దొరసాని వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే భాగం కనబడిందట. లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. దొర మాదిగల వైపే నిలబడ్డాడు.

మనవాళ్ళేం చేశారు? చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం పనికి రాం, జాతరలో డప్పు కొట్టం అన్నారు. ఊరు బావి మూసింది, బజారు మూసింది. అయినా వంగలేదు. కరువు వెళ్ళాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "బియ్యం కోసం చేరారు" అని వెక్కిరించేవాళ్ళకి మనం చెప్పేదొకటే: కరువు రాకముందే నీళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు బియ్యానికి అమ్ముడుపోతారా?

సర్కారు కూడా మనల్ని కాదంది. 1950 ఆగస్టు 10 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని మతంతో ముడేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. బీసీ-సీలో ఒక్క శాతం చేతిలో పెట్టారు. ఆ ముడి తెంపమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. తెంపకుండా 2022లో ఇంకో కమిషన్ వేశారు. బాప్తిస్మం తీసుకుంటే కులం పోతుందట! మరి వాడలో ఇల్లు పోయిందా? ఊరివాళ్ళ తిట్టు పోయిందా? అందుకే మన పిల్లలకి సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. ఈ దాగుడుమూతల సిగ్గు పిల్లలది కాదు, ఆ ఉత్తర్వుది.

చర్చిని కూడా అడగాలి. ఒకే బల్ల దగ్గర రొట్టె తిని, పెళ్ళి దగ్గర కులం చూసే పెద్దలు మనలో లేరా? సమాధుల దొడ్లో కూడా గోడ కట్టలేదా? ఊరు చేసిందే మనం చేస్తే బాప్తిస్మం దేనికి?

కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ప్రార్థన చెయ్యండి, ఏడుపొస్తే ఏడవండి. లిస్టులో పేరు లేనంత మాత్రాన మీ విలువ పోదు. రిజల్ట్ వచ్చిన రాత్రి పక్క గది తలుపు కొట్టండి, తోటివాణ్ణి ఒంటరిగా వదలొద్దు. తెల్లారాక కలిసి అర్జీ రాయండి, కలిసి రోడ్డెక్కండి. పేరయ్య దేవుడు మోకాళ్ళేసిన మనిషిని లేపి నిలబెట్టే దేవుడు.

జై భీమ్!