ఏర్ అంటే నీళ్లే

(చాదర్‌ఘాట్‌లో జరిగిన మన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉట్నూరు, జైనూరు, ఇంద్రవెల్లి వైపు నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చారు. నిద్ర లేదని మీ మొహాలే చెప్తున్నాయి. ఎక్కువ సాగదీయం.

ఏటా ఈ సభలో గ్రూప్స్, టీచర్ పోస్టులు, నర్సింగ్, ఇంజనీరింగ్ గురించే మాట్లాడుకుంటాం. ఈసారి ఎవరూ పెద్దగా పట్టించుకోని చదువు ఒకటి మీ ముందు పెడుతున్నాం. దాన్ని స్పీచ్ థెరపీ అంటారు. మాట రానివాళ్లకు, నత్తి ఉన్నవాళ్లకు, పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు, వినికిడి లేని పిల్లలకు చేసే వైద్యం అది. మింగడం కష్టమైనవాళ్లను చూసేది కూడా వీళ్లే. ఆ సంగతి మాకూ ఆలస్యంగానే తెలిసింది.

ఇది మా దృష్టికి ఎలా వచ్చిందో చెప్తాం. మా చుట్టాల్లో ఆరేళ్ల బాబు ఒకడున్నాడు. బడిలో మాట్లాడడని, బుద్ధి మందమని చెప్పి పంపించేశారు. వాణ్ని తీసుకుని సిటీకి వచ్చాం. ఒక చోట బొమ్మలు చూపించి పేర్లు అడిగారు. గ్లాసులో నీళ్లు చూపిస్తే వాడు ‘ఏర్’ అన్నాడు. పరీక్ష చేస్తున్న అమ్మాయికి అది ‘ఏరు’ అని వినిపించింది. గ్లాసును చూసి ఏరు అంటున్నాడని తప్పు వేసింది. ఇంటి బొమ్మకు ‘రోన్’ అన్నాడు, తప్పు. కుక్కకు ‘నయ్’ అన్నాడు, అదీ తప్పే. మీలో గోండి వచ్చినవాళ్లు నవ్వుతున్నారు. ఆ రోజు మాకు నవ్వు రాలేదు.

ఆ అమ్మాయిని తప్పు పట్టడం లేదు. ఓపికగానే అడిగింది. ఆమె చేతిలో ఉన్నది తెలుగు పిల్లల కోసం తయారైన పరీక్ష. ఇవన్నీ మా భాషలో సరైన మాటలే అని మేం చెప్పగానే కొట్టేసి మళ్లీ రాసుకున్నది.

కథ అక్కడితో అయిపోతే, పిల్లాడికి ఏమీ లేదు, తెలుగు రాదంతే అని ఇంటికి తీసుకుపోయేవాళ్లం. కానీ వాళ్ల అమ్మమ్మ ఒక మాటన్నది. “వీడు గోండిలో కూడా కొన్ని మాటలు మింగేస్తాడు, వెనక నుంచి పిలిస్తే పలకడు” అని. అప్పుడు వినికిడి పరీక్ష చేయించారు. ఏళ్ల తరబడి చెవి కారుతున్నది, వినికిడి తగ్గింది. చెవికి మందు పడ్డాక, కొన్నాళ్లు మాట నేర్పాక వాడిలో మార్పు కనిపించింది. ఇప్పుడు ఇంట్లో వాడి నోరు ఆపలేకపోతున్నారు.

ఈ రంగంలో చదువుకున్నవాళ్లు చూసే మొదటి విషయం అదే. ఇబ్బంది రెండో భాషలోనే కనిపిస్తే అది ఇంకా నేర్చుకుంటున్న భాష, జబ్బు కాదు. ఇంటి భాషలో కూడా ఉంటే అప్పుడు వెతకాలి. ఇంటి భాష తెలియనివాళ్లు ఈ తేడా ఎలా పట్టుకుంటారు? పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. బాగున్న పిల్లాడికి మందబుద్ధి అని ముద్ర పడుతుంది. నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లను ‘గోండు పిల్ల కదా, తెలుగు రాదులే’ అని వదిలేస్తారు. రెండోది ఎక్కువ ప్రమాదమని మా అభిప్రాయం. వినికిడి విషయంలో పోయిన ఏళ్లు తిరిగి రావు.

ఇంకో మాట. ఇంట్లో గోండి మానేసి తెలుగే మాట్లాడండి అని కొందరు సలహా ఇస్తారు. రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందన్నది అపోహ. పైగా తెలుగు సరిగా రాని అమ్మ తెలుగులో పిల్లాడితో ఎంతసేపు మాట్లాడగలదు?

2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. కొలామి వాళ్లు లక్షా 28 వేలు. తెలుగు పిల్లల ఉచ్చారణను చూసే పరీక్షను ఉస్మానియాలో భాషాశాస్త్రం చెప్పిన దుగ్గిరాల వసంత గారు తయారు చేశారు. గోండిలో అలాంటిది మా చేతికి ఇంతవరకు రాలేదు. 1943లో హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో మన పిల్లలకు గోండి వాచకాలతో చదువు మొదలుపెట్టించాడు, మనవాళ్లనే టీచర్లుగా తయారు చేయించాడు. మన భాష తెలిసినవాడే ముందు నిలబడాలని ఆనాడే గుర్తించారు. బడికి వర్తించింది ఆసుపత్రికి వర్తించదా?

ఇక చదువు సంగతి. డిగ్రీ పేరు బీఏఎస్‌ఎల్‌పీ. నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ, మ్యాథ్స్ లాంటి ఇంకో సబ్జెక్టు ఉండాలి. వినికిడి, మాట రెండూ ఈ డిగ్రీలోనే ఉంటాయి. పీజీకి వెళ్లాక ఆడియాలజీ వేరు, స్పీచ్ వేరు. శరీర నిర్మాణం, ధ్వని శాస్త్రం, మనస్తత్వం, భాషాశాస్త్రం చదవాలి. భాషాశాస్త్రం క్లాసులో మీరు ముందుంటారు, రెండు మూడు భాషలు పుట్టుకతోనే వచ్చినవాళ్లు కాబట్టి. ఇంగ్లిష్ పుస్తకాలు మొదటి ఏడాది ఏడిపిస్తాయి, అది దాచం.

ఈ రంగంలో పెద్ద పేరు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థది, 1965లో పెట్టారు. దానికి ప్రత్యేక ప్రవేశ పరీక్ష ఉంటుంది. మనకు దగ్గరలో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఉప్కార్ సర్కిల్ దగ్గర స్వీకార్ ఉన్నాయి. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. ఎక్కడ చేరినా ముందు ఆ కాలేజీకి భారత పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో చూడండి. 1992 చట్టం ప్రకారం ఆ మండలిలో పేరు నమోదు కాకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు పడొచ్చు. గుర్తింపు లేని సర్టిఫికెట్ కోర్సులకు డబ్బు కట్టి మోసపోకండి.

ఉద్యోగాలు ఎక్కువగా సిటీల్లోనే ఉన్నాయి. చదివాక ఉట్నూరు తిరిగి రమ్మని మేం ఒట్టు పెట్టించుకోం. సిటీలోనే ఉన్నా, మనవాళ్ల పిల్లాడు వచ్చినప్పుడు ‘ఏర్’ అంటే నీళ్లని తెలిసినవాళ్లు అక్కడ ఒకరుంటారు కదా.

ఇక్కడి నుంచి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దూరమేమీ కాదు. భోజనాలయ్యాక ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నవాళ్లు మాతో రండి, ఓపీ దగ్గర బయట వరుసలో ఎవరెవరు కూర్చున్నారో, ఏ ఏ భాషల్లో మాట్లాడుకుంటున్నారో విని వద్దాం. దరఖాస్తుకు కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం కావాలి. మీ దగ్గర లేకపోతే మీ మండలం పేరు ఆ చివర బెంచీ మీద కూర్చున్న అక్క దగ్గర రాయించండి.